దీపం ఆర్పని మేష్టారు

లక్ష్మీపతి మేష్టారు ఇక లేరన్న దుర్వార్తను నందిగామ బస్సు దిగిన ఒక గుమాస్తా జగ్గయ్యపేటలో మా కొట్టు ముందు నిలబడి చెప్పాడు. చేతిలోని తక్కెడ కింద పెట్టేశాను. ముందు కోపం వచ్చింది, దుఃఖం ఆ తర్వాతే. ఆ కోపం ఈ వ్యాసంలోనూ కనిపిస్తుంది. పాఠకులు మన్నించనక్కర్లేదు.

నందిగామలో ఆయన మాకు రసాయన శాస్త్రం బోధించారు. రెండు పదార్థాలు కలిసి, కాస్త నీటిని విడిచి, నూతన పదార్థంగా మారడాన్ని సంఘనన చర్య అంటారు. ఆ నిర్వచనాన్ని ఆయన మా చేత వల్లె వేయించలేదు. స్పిరిట్టులో ఎసిటిక్ ఆమ్లం పోసి, నాలుగు చుక్కల గంధకామ్లం వేసి, గాజునాళికను వేడినీళ్ళలో నిలబెట్టేవారు. కాసేపటికి గదినిండా మగ్గిన పండ్ల పరిమళం. "పెళ్ళంటే ఇద్దరూ ఏదో ఒకటి వదులుకోవాలిరా. ఇవి నీళ్ళు వదులుకున్నాయి, అంతే" అని నవ్వేవారు.

మద్యనిషేధం వచ్చిన కొత్తలో పాఠశాల సంఘాధ్యక్షుడు ఆ వాసన పసిగట్టి గదిలోకి వచ్చాడు.

"ఏం పంతులూ, బళ్ళో సారా కాస్తున్నావా?"

"సారా కాదండీ. ఉన్న స్పిరిట్టే ఇట్లా పండు వాసనగా మారిపోతోంది. కూర్చోండి, చూపిస్తా."

అధ్యక్షుడు కూర్చోలేదు. సాయంత్రానికి ఆ సారా మాట ఊరంతా పాకింది. మేష్టారు నిర్దోషి అయితే గుడిలో దీపం ఆర్పి ప్రమాణం చేయాలని పెద్దలు తీర్మానించారు. మా ప్రాంతంలో అంతకు మించిన ప్రమాణం లేదు. చేసేస్తే ఉద్యోగం నిలిచేది.

"దీపం ఆర్పితే ఏం కనపడుద్దండీ? వెలిగించే ఉంచండి. మీ కళ్ళముందే మళ్ళీ చేసి చూపిస్తా" అన్నారు మేష్టారు.

చూడటానికి ఒక్కడంటే ఒక్కడు రాలేదు. ఉద్యోగం ఊడబెరికారు. పట్టాలు పుచ్చుకున్న ప్లీడర్లు సైతం నోరు మెదపలేదు. ట్యూషన్లు చెప్పుకుందామంటే 'సారా పంతులు' దగ్గరికి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు లేకపోయారు. ఆ దిగులుతోనే మంచం పట్టి, ఏడాది తిరక్కుండా కన్నుమూశారు.

నిన్న అదే పెద్దలు నందిగామలో సంతాపసభ జరిపితే నేనూ వెళ్ళాను. అధ్యక్షుడు 'విజ్ఞానఖని' అంటూ కళ్ళొత్తుకుని పటానికి దండ వేశాడు. సిగ్గులేకపోతే సరి! నన్నూ మాట్లాడమన్నాడు.

"ఆయన కాసింది సారా కాదని మీరొక్కమాట చెప్పండి. తర్వాత నే మాట్లాడతా" అన్నాను.

"పోయినాయన గురించి ఇప్పుడా గొడవెందుకులే అబ్బాయ్."

లేచి వచ్చేశాను. అందుకే అచ్చులో చెబుతున్నాను: లక్ష్మీపతి మేష్టారు సారా కాయలేదు, మాకు శాస్త్రం చెప్పారు. ఆ మహనీయుని పాదాలకు నా నమస్సులు. అటువంటి గురువు మనకు మళ్ళీ లభించడని సభలో అందరూ వాపోయారు. లభించకపోవడమే మేలు. లభిస్తే ఆయన్నీ ఇలాగే చంపుతాం.