అద్దాలు మరిచే పోస్టు తాత

మా పోస్టు తాతకు ఉన్న అలవాటు ఒక్కటే. ఆయన కళ్ళద్దాలు మరిచిపోతాడు. నెలకోసారో రెండుసార్లో అయితే నేను ఇదంతా రాసేదాన్ని కాదు. నాకు తెలిసిన ఏడాదిన్నరలో ఒక్క ఆదివారం కూడా ఆయన అద్దాలతో వచ్చిన పాపాన పోలేదు. గొడుగు తెస్తాడు. మంచినీళ్ళ సీసా తెస్తాడు. పిల్లల కోసం పుట్నాల పొట్లం తెస్తాడు. ఎండాకాలంలో కూడా మెడకు మఫ్లరు చుట్టుకుని వస్తాడు. అద్దాలు మాత్రం ఇంట్లోనే ఉంటాయి.

అసలు పేరు బాలకిషన్. ఛత్రినాక గల్లీల్లో ముప్పై రెండేళ్ళు ఉత్తరాలు పంచి రిటైరయ్యాడు. ఆ గల్లీల మధ్యనే ఒక కమ్యూనిటీ హాలు ఉంది. అక్కడ ప్రతి ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా నేను ‘కథల ఆదివారం’ నడుపుతాను. పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు కలిసి వచ్చి కథలు వింటారు, చెప్తారు, గుడ్డబొమ్మలు చేస్తారు, సొంతంగా పుస్తకాలు కుట్టుకుంటారు. నా పేరు సంహిత. మొఘల్‌పురాలో నాలుగు తరాలుగా ఉన్న ఇల్లు మాది. బడిలో తెలుగు చెప్తాను. నాకు పద్ధతంటే ప్రాణం. హాజరుకో రిజిస్టరు, సామానుకో రిజిస్టరు, రంగు పెన్సిళ్ళన్నీ ఒకే వైపు మొన చూపిస్తూ ఉండాలి. అటువంటిదానికి దేవుడు ఏరి ఏరి బాలకిషన్ గారిని జతచేశాడు.

మొదటి ఆదివారమే కథ చదవమని పుస్తకం చేతికిచ్చాను. ఆయన కుర్చీలో బాగా సర్దుకుని, పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని, చొక్కా జేబు తడిమాడు. ప్యాంటు జేబులు తడిమాడు. మఫ్లరు విప్పి దులిపాడు.

“అరె, అద్దాలు ఇంట్లనే మర్చిన. జర నువ్వు సదువు బిడ్డా” అని ముందు వరసలో ఉన్న స్వీటీకి పుస్తకం ఇచ్చేశాడు.

స్వీటీ నాలుగో తరగతి. అప్పటిదాకా పదిమందిలో నోరు విప్పని పిల్ల. ముసలాయనకు కనబడదు కదా పాపం అని గట్టిగానే చదివింది. తాత ఊరుకున్నాడా, “నక్క ఏమన్నదీ? మల్లోపారి సదువు” అన్నాడు.

“కనబడదంటే సరే, వినబడనీకి ఏమైంది తాతా?” అన్నారు పిల్లలు.

“అద్దాలు లేకుంటే నాకు ఇనబడది గూడ” అన్నాడు ఆయన, మొహంలో ఏ మార్పూ లేకుండా.

పిల్లలు పడీపడీ నవ్వారు. నేను నవ్వలేదు. నేను ఆ మధ్యాహ్నమే వెళ్ళి ఒక నల్లతాడు కొన్నాను, అద్దాలకు రెండు వైపులా తగిలించి మెడలో వేసుకునే రకం. తర్వాతి ఆదివారం ఆయన తాడు మెడలో వేసుకుని బుద్ధిగా వచ్చాడు. తాడు చివర ఏమీ లేదు. “తాడు యాదికున్నది మేడం, అద్దాలే మర్చిన” అన్నాడు.

సరే కదా అని ఒక జత అద్దాలే తెచ్చి హాలు బీరువాలో పెట్టాను. ఆయన అవి పెట్టుకుని హాలంతా ఒకసారి కలియజూసి, “ఇవి వద్దు మేడం, మీరు ఇద్దరు కనబడ్తున్నరు. ఒక్కరికే భయపడ్త, ఇద్దరికి నాతోని గాదు” అని తీసి ఇచ్చేశాడు. ఇంకోసారి ఏకంగా ఆరుగురు పిల్లల్ని ఆయన ఇంటికి పంపాను, అద్దాలు పట్టుకురమ్మని. ముప్పావుగంట తర్వాత మూతులు తుడుచుకుంటూ వచ్చారు.

“అద్దాలేవి?”

“యశోదమ్మమ్మ ఇంట్ల లేకుండె టీచర్, మేమే ఇల్లంత వెతికినం. దొరకలే. మురుకులు దొరికినయి.”

ఇంతవరకైతే ఒక మనిషి మతిమరుపని సరిపెట్టుకునేదాన్ని. అది అంటుకోవడం మొదలైంది. ఒక ఆదివారం చిన్న పద్యం ఒకటి చదవమని ఎల్లేష్‌కు కాగితం ఇచ్చాను. ఎల్లేష్ ఆటో నడుపుతాడు, ముప్పై దాటని మనిషి. అతను కూడా చొక్కా జేబు తడుముకుని, “నేను గూడ అద్దాలు మర్చిన మేడం” అన్నాడు.

“నీకు అద్దాలెప్పటి నుంచి? ఆటో ఎట్లా నడుపుతున్నావు మరి?”

“ఆటోకు ముందల ఉంటది గద మేడం, పెద్ద అద్దం.”

మనవరాలితో వచ్చే సక్కుబాయి తన అద్దాలు కోడలు పెట్టుకుపోయిందని చెప్పింది. ఆ కోడలు వచ్చినప్పుడు అడిగితే, అత్త దగ్గరే ఉన్నాయంది. ఆఖరికి మా హాల్లో పెద్దవాళ్ళు కథ నోటితో చెప్పడం, పిల్లలు రాసి చదవడం ఆనవాయితీ అయిపోయింది. ఛత్రినాకలో ఒక కళ్ళ డాక్టరు వచ్చి కూర్చుంటే సగం రోగం కుదురుతుందని నేను ఇంట్లో రోజూ విసుక్కునేదాన్ని.

ఆ పెద్దవాళ్ళలో రాజన్న ఒకడు. స్లాబు పోసే ముందు కింద చెక్కలూ గుంజలూ బిగించే సెంట్రింగు పని అతనిది. భార్యకు ఆదివారం కూడా ఆసుపత్రిలో డ్యూటీ, అందుకని తొమ్మిదేళ్ళ కూతురు సోనీని తీసుకుని తనే వచ్చేవాడు. మాట తక్కువ మనిషి. కానీ ఒకరోజు జల్‌పల్లిలో తాను పనిచేసే కొత్త ఇంటి దగ్గర ఒక కాకి ఏం చేసిందో చెప్పాడు. ఆ కాకి పుల్లలు వదిలేసి, వీళ్ళు ఇనుము కట్టే సన్నతీగ ముక్కలు ఎత్తుకుపోయి, సెంట్రింగు చెక్కల సందులో గూడు అల్లింది. మేస్త్రి గూడు తీసి పారెయ్యమన్నాడు. రాజన్న అది కనబడకుండా ముందు ఖాళీ సిమెంటు సంచి వేలాడదీసి, ఆ వైపు చెక్కలు అన్నిటికన్నా ఆఖరున విప్పుతానని రోజుకో సాకు చెప్పాడు. అతను చెబుతుంటే నా రంగు పెన్సిళ్ళు ఎటు దొర్లుతున్నాయో కూడా నేను చూసుకోలేదు.

సోనీ ఆ కథను పన్నెండు పేజీల పుస్తకం చేసింది. తండ్రి చెప్పాడు, పిల్ల రాసింది, బొమ్మలు ఇద్దరూ వేశారు. ఆ పుస్తకాన్ని సోనీ వాన పడితే గౌనులో దాచుకునేది.

ఇక నేను చేసిన ఘనకార్యానికి వస్తాను. మా కథల ఆదివారం రెండో వార్షికోత్సవం దగ్గరపడింది. ప్రతి ఇంటి పుస్తకాన్నీ వేదిక మీద చదవాలి అన్నాను. అక్కడితో ఆగితే నేను సంహితను ఎందుకవుతాను? చదివేది పిల్లలు కాదు, అమ్మో నాన్నో చదవాలి అని నియమం పెట్టాను.

“అద్దాలు మర్చినోళ్ళ సంగతేంది?” అన్నాడు బాలకిషన్ గారు.

ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. “ఆ రోజు టేబుల్ మీద అన్ని పవర్ల అద్దాలూ వరసగా పెట్టిస్తాను. ఎవరికి సరిపోయేవి వాళ్ళు పెట్టుకుని చదవాల్సిందే. ఈసారి ఎవరూ తప్పించుకోలేరు” అన్నాను విజయగర్వంతో.

పుస్తకం కుడుతున్న రాజన్న చెయ్యి ఆగిపోయింది. సూది గుచ్చుకుందేమో అనుకున్నాను. బాలకిషన్ గారు మఫ్లరు సర్దుకుని, పన్నెండు కాకముందే ఇంటికి వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం రాజన్న, సోనీ రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. ఉత్సవం ఇంకో వారం ఉందనగా ఫోను చేస్తే సోనీ ఎత్తింది.

“బాపుకు జల్‌పల్లిల పనున్నదట టీచర్, ఆదివారం గూడ. మేం రాం” అంది. మళ్ళీ తనే, “మా పుస్తకం మీ దగ్గర్నే ఉంచుండ్రి. వేరేటోళ్ళతోని మాత్రం సదివియ్యకుండ్రి” అంది.

నాకు కోపం వచ్చింది. రాజన్న మీద కాదు, దీనికంతటికీ మూలపురుషుడైన పోస్టు తాత మీద. ఆయనొక్కడు మొదటిరోజే అద్దాలు తెచ్చుకుని ఉంటే ఈ అలవాటు ఎవరికీ పట్టేది కాదు కదా. కొత్త అద్దాల డబ్బా ఒకటి చంకన పెట్టుకుని ఆయన ఇంటి మీదికి యుద్ధానికి వెళ్ళాను.

బాలకిషన్ గారు అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాడు. గసగసాలంత రాయిని గోటితో తీసి గల్లీలోకి విసిరాడు. ఇంకొకటి తీశాడు. మూడోది భార్య యశోదమ్మకు చూపించి, “ఇది రాయి గాదే, నూక” అని మళ్ళీ చాటలో వేశాడు. మొహం మీద అద్దాలు లేవు.

యశోదమ్మ నా చేతిలో డబ్బా చూసి ఆశ్చర్యపోయింది. “ఈయనకు అద్దాలేంది మేడం? నాకు సూదిల దారం ఎక్కిచ్చేదే ఈయన.”

ఆయన చాట పక్కన పెట్టాడు. “కూసో అమ్మా” అన్నాడు.

“ఏడాదిన్నర నుంచి నన్ను ఆటాడించారా?” అన్నాను నిలబడే.

“నిన్ను గాదమ్మా.” ఆయన చేతులు దులుపుకున్నాడు. “ముప్పై రెండేండ్లు ఉత్తరాలిచ్చిన. గీ గల్లీలల్ల సగం ఇండ్లల్ల ఇచ్చి వచ్చుడు గాదు, సదివి ఇనిపిచ్చి వచ్చేటోణ్ణి. నాకు సదువు రాదు అని ఒక్కలు అనలే. అద్దాలు ఏడనో పెట్టిన, జర నువ్వే సదువు బాపూ అనేటోళ్ళు. పొయ్యి మీద కూర మాడుతది, నువ్వు సదువుతుండు అనేటోళ్ళు. నేను సదివేటోణ్ణి. గిప్పుడు వాళ్ళ పిల్లలు, మనుమలు నీ హాలుకొస్తున్నరు. నువ్వు చేతిల పుస్తకం పెడ్తవు. వాళ్ళేం చేయాలె? అందుకే ముందుగాల్ల నేను మర్చిపోత. పోస్టుమేనే మర్చిపోయినంక, నా ఎనుక మర్చేటోళ్ళకు సిగ్గేముంటది?”

డబ్బా పక్కన పెట్టి అరుగు మీద కూర్చున్నాను. అయినా చేతి అలవాటు పోదు కదా, సంచిలోంచి రిజిస్టరు తీశాను. “ఎవరెవరో చెప్పండి. వాళ్ళ ఇబ్బంది లేకుండా...”

“అది రాసుకునేది గాదమ్మా” అన్నాడు మెల్లగా. “ఒకరి ఉత్తరంల ముచ్చట ఇంకొకరికి చెప్పుడుండది.”

రిజిస్టరు మూసేశాను. నాకు నిజంగా సిగ్గేసింది. పిల్లల ముందు, ఇరుగుపొరుగు ముందు, ఒక్కొక్క మనిషిని పిలిచి అద్దాలు పెట్టి మరీ నిలదీయడానికి టేబుల్ సిద్ధం చేసుకున్నదాన్ని నేను. ఇన్నాళ్ళూ ఆ మనిషి తాను నవ్వులపాలై వాళ్ళను కాపాడుతుంటే, ఆయనకు మతిమరుపని నేను తాడు కొన్నాను.

ఇంటికి వెళ్ళగానే మా వాట్సాప్ గ్రూపులో, మొట్టమొదటిసారి, రాయకుండా మాట్లాడి పంపాను. ‘ఉత్సవంలో పుస్తకాలు పిల్లలు పట్టుకుంటారు, కథ పెద్దవాళ్ళు నోటితో చెప్తారు, అద్దాల టేబుల్ రద్దు’ అన్నాను. అప్పటిదాకా నా పొడుగాటి మెసేజీలకు బొటనవేలి బొమ్మలు తప్ప జవాబు ఉండేది కాదు. ఆ రోజు ఇరవై మూడు గొంతులు తిరిగి మాట్లాడాయి. రాజన్న గొంతు మాత్రం వాటిలో లేదు.

మర్నాడు బాలకిషన్ గారు సైకిలు మీద జల్‌పల్లి వెళ్ళొచ్చాడని యశోదమ్మ చెప్పింది. రాజన్నతో ఏం మాట్లాడారని ఆయన్ను అడిగాను. “కాకి పిల్లలు ఎగిరినయా లేదా కనుక్కుందామని పోయిన. ఎగిరినయట” అన్నాడు.

ఉత్సవం రోజు హాలు నిండిపోయింది. మొదలుపెట్టడానికి జాబితా తీసి మైకు ముందు నిలబడ్డాను. తలుపు దగ్గర రాజన్న, సోనీ కనిపించారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, లోపలికి రావాలా వద్దా అన్నట్టు గుమ్మంలోనే నిలబడ్డాడు. నాకేమనిపించిందో, హ్యాండ్‌బ్యాగు తడుముకుంటూ, “క్షమించండి, నా అద్దాలు ఇంట్లో మరిచిపోయాను. స్వీటీ, నువ్వొచ్చి పేర్లు చదువు” అన్నాను.

హాలు గొల్లుమంది. బాలకిషన్ గారు వెనక నుంచి వచ్చి నా చెవిలో, “నీకు చాతగాదమ్మా ఈ పని. ముక్కు మీదనే ఉన్నయి” అన్నాడు.

ఆ నవ్వుల్లోనే రాజన్న లోపలికి వచ్చి కూర్చున్నాడు.

వాళ్ళ వంతు వచ్చింది. సోనీ పేజీలు తిప్పింది, రాజన్న చెప్పాడు. మేస్త్రి తిట్లు, కాకి దొంగతనం, సిమెంటు సంచి, ఆఖరి చెక్క విప్పేనాటికి ఖాళీ అయిన గూడు. చప్పట్లు ఆగాక కూడా అతను మైకు ఇవ్వలేదు. మమ్మల్నెవరినీ చూడకుండా కూతురివైపు తిరిగాడు.

“ఒక్క ముచ్చట చెప్పాలె. గీ రాతంత మా బిడ్డది. నాకు సదువు రాదు. అద్దాలు లేవు, అద్దాలు లేవు అనుకుంట ఇన్ని దినాలు బిడ్డకు అబద్ధం చెప్పిన.”

సోనీ తండ్రి చేతిలో మైకును తనవైపు వంచుకుంది.

“నాకెర్కనే బాపూ. ఫస్ట్ క్లాసుల నా ప్రోగ్రెస్ కార్డు ఉల్టా పట్టుకొని, మస్తు మంచిగ సదివినవు బిడ్డా అన్నవు గద. నువ్వు సిగ్గుతోని శరమిందయితవని నేనే అనలే.”

ముందుగా నవ్వింది రాజన్నే. కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ వెంటనే ఎల్లేష్, సక్కుబాయి, ఆమె కోడలు, హాలంతా. సోనీ ఆ సందట్లోనే కళ్ళతో వెతికి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పోస్టు తాతను పట్టుకుంది.

“తాతా, మా బాపు చెప్పేసిండు. ఇగ వచ్చే ఆదివారం సంది నువ్వు అద్దాలు తెచ్చుకోవచ్చు” అంది మైకులో.

ఆయన అలవాటు కొద్దీ చొక్కా జేబు తడిమాడు. ప్యాంటు జేబులు తడిమాడు. మఫ్లరు విప్పి దులిపాడు.

“ఉంటే గద బిడ్డా, తెచ్చుకునేటందుకు” అన్నాడు.