విమానంలో అమ్మ తాగిన నీళ్లు

మా ఊరు మర్రిగూడ బోరునీళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ ఫ్లోరైడు నీళ్లే మా అమ్మ మోకాళ్లను కట్టెల్లా బిగించేశాయి. వైజాగ్‌లో ఉన్న చెల్లె దగ్గరికి పోవాలంటే రాత్రంతా బస్సులో నరకం. అందుకే ఈసారి అలంపూర్‌లోని నా ఇంటికొచ్చిన అమ్మను తుంగభద్ర దాటించి, కర్నూలులో విమానం ఎక్కించి, నేనూ పక్కన కూర్చున్నాను.

బెల్టు పెట్టి, భయపడుతుందేమోనని చేయి పట్టుకున్నాను. ఆమెకు భయమేమీ లేదు.

"ఎంతసేపట్ల దిగుతం బిడ్డా?" అని అడిగింది.

"గంటన్నర గూడ పట్టదమ్మా."

"గంత దూరం గంటన్నరలనేనా?"

"అవును."

"నిజంగ?"

"నిజమే."

"అయితే జర నీళ్లియ్యి" అంది.

సీసా ఇస్తే సగం గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"బస్సుల పోతే గుక్కెడు గూడ తాగకపోదును. నడుమల దిగి ఒంటికి కూసుందామంటే మోకాళ్లు వంగవు గద" అంది, ఎవరి సంగతో చెప్తున్నట్టు.

ఇన్నేళ్లూ బస్సులో నేను సీసా అందించినప్పుడల్లా "దూప అయితలేదు" అని, దాహమే లేనట్టు సీసా పక్కన పెట్టేది. వైజాగ్‌లో దిగేసరికి ఆ సీసాలో చుక్క మిగల్లేదు.