జానపదంలో రెండో బహుమతి

ఆ రోజుల్లో లోకం మీద కోపం రావడానికి మాకు పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. నందిగామలో డిగ్రీ చదువుతున్నాం, మధ్యాహ్నం కరెంటు ఉండదు, అంతే చాలు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో మా కాలేజీకే వచ్చే పెదనాన్నగారబ్బాయి హైదరాబాద్ వెళ్ళి ఒక కాపీ సీడీ పట్టుకొచ్చాడు. అందులో ఎవరో గిటారు మోతలో, లోకం మీద కోపంతో గొంతు చించుకుంటున్నారు. "దీన్ని బ్లాక్ మెటల్ అంటారే. మనం దీనికి డప్పు కలుపుదాం" అన్నాడు అన్నయ్య. గిటారు తనది. డప్పు, మేమంతా ఊరి పేరుతోనే పిలిచే మా క్లాసు కుర్రాడు వీరులపాడుది. అరవడం నా వంతు (ఇంట్లో నా అరుపులు విన్నాడు కాబట్టి).

సాయంత్రాలు మేడమీద సాధన. కడుపులోంచి గరగరా అరవాలి. కింద నాయనమ్మ "పిల్లకి గొంతు పట్టేసిందర్రా" అంటూ మిరియాల పాలు కాచేది. అవి తాగగానే గొంతు బాగయ్యేది. మళ్ళీ కష్టపడి పాడుచేసుకోవాల్సి వచ్చేది.

కాలేజీ వార్షికోత్సవంలో అవకాశం కోసం తెలుగు మేడంతో మాది జానపదమని చెప్పాం. పూర్తి అబద్ధమేం కాదు. అది కలుపు తీసేటప్పుడు పాడే పాటే, కాకపోతే ఎవరూ గుర్తుపట్టకుండా అరుస్తాం. సీడీ అట్టమీది వాళ్ళలాగే మొహాలకు పౌడరు, కళ్ళచుట్టూ కాటుక పూసుకుని స్టేజీ ఎక్కాం. నేను మొదటి అరుపు అరిచానో లేదో కరెంటు పోయింది. గిటారు మూగబోయింది. వీరులపాడు డప్పు ఆపలేదు, నేనూ ఆపలేదు. మైకు లేని ఆ హాల్లో నా గరగర విని ముందు వరసలోంచి ప్రిన్సిపాల్‌గారు లేచి, "అమ్మాయికేదో అడ్డంపడినట్టుందండీ, మంచినీళ్ళివ్వండి!" అన్నారు. మేడం పరుగున వచ్చి నెత్తిమీద తట్టారు. ఆ కంగారులో నా మామూలు గొంతు బయటికొచ్చేసింది. పాట తెలిసేసరికి వెనక బెంచీల్లోని చందర్లపాడు అమ్మాయిలు అందుకున్నారు. హాలంతా చప్పట్లు.

జానపదంలో మాకు రెండో బహుమతి ప్రకటించారు. నేను ఎగిరి గంతేశాను. అన్నయ్య మొహం మాత్రం పౌడరు కింద ఇంకా పాలిపోయింది.

"మనది అండర్‌గ్రౌండ్ బ్యాండే! జనానికి నచ్చకూడదే! మనకి బహుమతేంటే?"

"పోన్లేరా, మొదటిది రాలేదుగా" అని ఓదార్చాడు వీరులపాడు.

"ఇది నవ్వుతా పాడిందిరా! బ్లాక్ మెటల్‌లో ఎవడన్నా నవ్వుతాడా?"

ఆ మాటతో మా బ్యాండు ముగిసింది. అన్నయ్య చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు బ్యాంకులో మేనేజరు, ఎవరొచ్చినా నవ్వుతూ పలకరిస్తాడు. కోపంగా కనబడాలని అంత సంతోషంగా కష్టపడిన అప్పటి నన్ను, ఆ కాటుక పిల్లని తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ ముద్దొస్తుంది.