మంచు మీది పరికరానికి ప్రార్థన

ఎడిసన్‌లో ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి, కొబ్బరి తురుము ప్యాకెట్ కోసం ఫ్రీజర్‌లో చెయ్యి పెట్టినప్పుడల్లా నా వేళ్ళన్నీ జివ్వుమంటాయి. చూపుడు వేలి కొనకు మాత్రం ఏమీ తెలియదు. అది మొద్దుబారి చాలా ఏళ్ళయింది. దాన్ని చూస్తే నాకు రూతు గారు గుర్తొస్తారు.

రూతు గారిది బాపట్ల. పక్క ఊరు పిస్కాటవేలో నేను పీహెచ్‌డీ చేసిన ల్యాబ్‌కి ఆవిడే పెద్ద. ఆర్కిటిక్ సముద్రం మీద తేలుతూ కదిలే మంచు పలకల్లో మేము పరికరాలు దింపి వస్తాం. అవి మంచుతోపాటే కొట్టుకుపోతూ, ఎక్కడున్నాయో, మంచు లోపల చలి ఎంతుందో ఉపగ్రహం ద్వారా చెబుతుంటాయి. ఏం జరిగినా అక్కడ గ్లౌవ్ తీయకూడదన్నది ఆవిడ మొదటి నియమం. ఆదివారాలు నన్ను తన కారులో తెలుగు చర్చికి తీసుకెళ్ళేవారు. నేను విశ్వాసిని కాను. ఆరాధన తర్వాత పెట్టే కోడికూర కోసం వస్తున్నానని ఆవిడకూ తెలుసు. ప్రార్థన అంశాలు చెప్పమన్నప్పుడు ఒకరు హెచ్-వన్ వీసా గురించి, ఒకరు కోడలి కాన్పు గురించి చెప్పేవారు. రూతు గారు లేచి, "ఆర్కిటిక్‌లో మన పరికరం ఒకటుందండి, దానికోసం కూడా ప్రార్థన చేయండి" అనేవారు. పాస్టరు గారు ఎంతో గంభీరంగా చేసేవారు కూడా. నేను తల వంచుకుని నవ్వు ఆపుకునేవాణ్ణి.

నేను ఏళ్ళ తరబడి తయారుచేసిన పరికరాన్ని అలాస్కా ఉత్తర తీరం నుంచి చిన్న విమానంలో తీసుకెళ్ళాం. మంచుకు రంధ్రం చేసి దింపాం. చలి కొలిచే తీగకు చివరి ప్లగ్ ఒక్కటే మిగిలింది. లోపల మంచు పేరుకుని అది ఎంతకూ బిగియలేదు. అంతలో పైలట్ కేకేశాడు. విమానానికి అవతల మంచు పగులుతోంది. నేను గ్లౌవ్ తీసేసి ఉత్త చేత్తో ఆ లోహాన్ని పట్టుకున్నాను.

"గ్లౌవ్ వేసుకో. వదిలెయ్, పోదాం," అన్నారు రూతు గారు.

"ఒక్క ప్లగ్ మేడం. ఇది లేకపోతే టెంపరేచర్ డేటా రాదు. నా థీసిస్ అంతా ఇదే."

"రాకపోతే పోయింది. పరికరం ఇంకోటి చేసుకుందాం. మీ అమ్మకి ఇంకో కొడుకుని ఎక్కణ్ణుంచి తెచ్చివ్వనయ్యా?"

రెక్క పట్టుకుని లాక్కొచ్చారు. విమానంలో దారి పొడుగునా, చలికి తెల్లబడిపోయిన నా చూపుడు వేలిని తన అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నారు. నాకు వేలి నొప్పి కన్నా ఆవిడ మీద కోపమే ఎక్కువగా ఉంది.

ఆ పరికరం చలి సంగతి ఒక్కటీ చెప్పలేదు. ఎక్కడుందో మాత్రం చెబుతూ పోయింది. నేను దాని వంక చూడటమే మానేశాను. ఆవిడ రోజూ కాఫీ కప్పుతో నా స్క్రీన్ దగ్గరికి వచ్చి, "ఎంత దూరం పోయాడు మనవాడు?" అని అడిగేవారు. ఆదివారం దానికోసం లేచి నిలబడేవారు. చివరికి మంచు ఎటు కదులుతోందన్న ఆ ఒక్క విషయం మీదే నా చేత థీసిస్ రాయించారు. నా కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

రూతు గారు కిందటేడు పోయారు. ఈ వసంతంలో ఇప్పుడు నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న మేగన్‌తో కలిసి మళ్ళీ అదే సముద్రం మీదికి వెళ్ళాను. తన పరికరం సగం దిగేసరికి మంచు పగిలింది. వదిలేసి రమ్మన్నాను. తను వినలేదు, నేనే రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. తిరుగు ప్రయాణమంతా నా వైపు వీపు తిప్పుకుని కూర్చుంది. ఆ కోపం నాకు బాగా తెలిసిందే.

ఆ ఆదివారం కోడికూర వంక పెట్టుకుని చర్చికి వెళ్ళాను. ప్రార్థన అంశాలు చెప్పమన్నప్పుడు లేచి నిలబడ్డాను.

"ఆర్కిటిక్‌లో మన పరికరం ఒకటుందండి," అన్నాను. "దానికోసం ప్రార్థన చేయండి. దాన్ని వదిలేసి వచ్చినవాళ్ళం అందరం క్షేమంగా ఇల్లు చేరాం."