ఎడమవైపు రబ్బరు

మొన్న ఆదివారం పటమటలో నా మోటార్‌సైకిల్ సర్వీసుకిచ్చాను. మెకానిక్ బండి చుట్టూ ఒకసారి తిరిగి వెనక ఫుట్‌రెస్టు దగ్గర ఆగిపోయాడు. "మాస్టారూ, కుడిపక్క రబ్బరు కొత్తదానిలాగే ఉంది. ఎడంది మాత్రం నున్నగా అరిగిపోయిందండీ. మార్చేస్తాను, మేడంగారి కాలు జారుద్ది," అన్నాడు. సరే మార్చమన్నాను. పాత రబ్బర్లు రెండూ అడిగి తీసుకుని జేబులో వేసుకుంటే నా వంక అదోలా చూశాడు. పాఠాలు చెప్పీ చెప్పీ మాస్టారికి కాస్త తేడా చేసిందనుకుని ఉంటాడు.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. గరిమనాభి పాఠం నాలాగా చెప్పేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరని నాకో నమ్మకం. అలాంటి నేను, ఈ బండి కొన్న కొత్తలో, బెంజ్ సర్కిల్ దగ్గర ఎవరో కాళ్ళు బారజాపుకుని దర్జాగా పోతుంటే చూసి మనసు పారేసుకున్నాను. మర్నాడే ముందున్న లెగ్‌గార్డుకి ఇంకో జత ఫుట్‌రెస్టులు బిగించుకున్నాను. ఇక చూడాలి నా వైభోగం! కాళ్ళు అంత దూరాన పెట్టి, నడుం వెనక్కి వాల్చి, పడక్కుర్చీలో ఊరేగుతున్నట్టు తిరిగేవాణ్ణి. మా ఆవిడ చీర కట్టుకుని ఒక పక్కకి కూర్చునేది. ఎడమ ఫుట్‌రెస్టు మీద కాలు ఆనించి, "ఏమండీ, తోలుతున్నారా, పడుకున్నారా?" అని అడిగేది.

వరినాట్ల రోజుల్లో ఒకసారి, ఉయ్యూరు అవతల మా అత్తగారి ఊరికి కాలవ గట్టు మీద వెళ్తున్నాం. వాన వెలిసి గట్టంతా గుంటలు. నా కాళ్ళు ఎక్కడో ముందున్నాయి కాబట్టి ఒంటి బరువంతా సీటు మీదే. గుంట వచ్చినప్పుడల్లా ఎగిరి పడుతున్నాను, పడిపోకుండా హ్యాండిల్ పట్టుకుని వేలాడుతున్నాను. నేను లాగిన ప్రతిసారీ ముందు చక్రం అటూ ఇటూ ఊగింది. కాలు వెనక్కి తెచ్చి బ్రేకు తొక్కేలోపే బండి గట్టు దిగి, ఇద్దర్నీ చేలో పడేసింది. మెత్తటి బురద గనక దెబ్బలేం తగల్లేదు. నాట్లేస్తున్న ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి ఆవిణ్ణి లేపారు, నన్ను చూసి నవ్వారు. ఆవిడ చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ, "ఇక ఈ జన్మలో మీ వెనక ఎక్కను," అంది.

అన్నంత పనీ చేసింది. గుణదల మేరీమాత ఉత్సవాలకి కూడా ఆవిడ బస్సులో, నేను బండి మీద వెళ్ళాం. ఒకే ఇంటి నుంచి ఒకే కొండకి! జనం సంగతి అలా ఉంచండి, నాకు దిగులేసింది. రోజంతా దాచుకున్న కబుర్లన్నీ ఆవిడ నా వీపు వెనకే చెప్పేది. ఇంట్లో కూర్చోబెట్టి చెప్పమంటే ఏమున్నాయి అనేది.

మా బావమరిదిది పాల వ్యాపారం. బండికి రెండు పక్కలా నిండు క్యాన్లు వేలాడదీసుకుని రోజూ అదే గట్టు మీద తిరుగుతాడు. సంగతి విని, ముందు ఫుట్‌రెస్టులు తనే ఊడదీసేశాడు. "మీరు చేతుల్తో తోల్తన్నారు బావగారూ. బండిని కాళ్ళతో తోలాలి. పాదాలు నడుం కిందకుండాలి. గుంటొస్తే బరువు కాళ్ళ మీదకి తీసుకుని కాస్త లేవండి, మోకాళ్ళతో ట్యాంకు పట్టుకోండి, చేతులు ఊరికే ఆనించండి," అన్నాడు. నా పాఠం నాకే చెప్పాడు! తర్వాత మూత లేని క్యాన్ నిండా నీళ్ళు పోసి వెనక సీటుకి కట్టాడు. "కాలవ లాకుల దాకా వెళ్ళి తొణక్కుండా తిరిగి రండి. అప్పటిదాకా మా అక్కని ఎక్కమని అడగొద్దు."

మొదటి ఆదివారం చొక్కా వెనకంతా తడిసి ముద్దయ్యింది. రెండోసారి సగం నీళ్ళు మిగిలాయి. ఆవిడ పుట్టింటి అరుగు మీద గోంగూర వలుస్తూ, చూడనట్టే చూసేది. నాలుగో ఆదివారం పొడి చొక్కాతో వచ్చి దిగాను. ఆవిడ లేచి వచ్చింది. క్యాన్‌లో చెయ్యి పెట్టి నీళ్ళ మట్టం చూసింది. తాడు విప్పి, ఆ నీళ్ళు తీసుకెళ్ళి మల్లెపాదులో పోసింది. కొంగుతో సీటు తుడిచి కూర్చుని, "ఊఁ, పోనివ్వండి," అంది. బండి స్టార్ట్ చెయ్యడానికి నాకు మూడుసార్లు పట్టింది.

ఆ రోజు నుంచి గుంట వస్తే నేనొక్కణ్ణే కాదు, ఆవిడ కూడా ఎడమకాలి మీద బరువు వేసి కాస్త లేస్తుంది. చెప్పుకోకుండానే ఇద్దరం ఒకేసారి లేచి ఒకేసారి కూర్చుంటాం, కబురు మాత్రం మధ్యలో ఆగదు.

పాత రబ్బర్లు ఇప్పుడు నా బల్ల మీద ఉన్నాయి. ఈ చెత్తంతా ఎందుకండీ అని ఆవిడ రెండుసార్లు అడిగింది. కుడిదాన్ని చూస్తే బండి నిన్ననే కొన్నట్టుంటుంది. గడిచిన ఏళ్ళన్నీ ఎడమదాని మీదే, ఆవిడ కాలి కిందే గడిచాయి.