రెండు చేతులూ ఎత్తాను

ఆపమని సిగ్నల్ ఇచ్చాను. ఇవ్వలేదని మా రైల్వే కాలనీ ట్రాఫిక్ సెటిల్‌మెంట్ అంతా చెప్పుకున్నారు. ఇవ్వని సిగ్నల్ ఇచ్చానని నేనెన్నడూ చెప్పలేదు. ఇచ్చింది ఇవ్వలేదంటే ఊరుకునేవాణ్ణీ కాదు.

కోవిడ్ తగ్గాక వచ్చిన రెండో చలికాలం సంగతి ఇది. ఖరగ్‌పూర్‌లో నిమ్‌పురా యార్డు నుంచి షంటింగ్ జమాదారుగా నేను రిటైరై అప్పటికి చాలా ఏళ్ళు. ఉద్యోగంలో పట్టాలు తప్పిన వ్యాగన్లు చూశాను, నలిగిన బఫర్లు చూశాను. అయినా నా వృత్తిలో మరువలేని కేసు ఏదంటే, పట్టాలే లేని చోట, రెండు చక్రాల బండి మీద జరిగిన ఇదే.

షంటింగ్ అంటే వ్యాగన్లను విడదీసి, కలిపి, బండి తయారు చేయడం. వ్యాగన్లు నెట్టుకుంటూ వెళ్ళే ఇంజన్ డ్రైవరుకి అవతలి కొస కనపడదు. నేల మీద నిలబడ్డ జమాదారు చేతిలోని జెండాయే అతనికి కళ్ళు. పచ్చ జెండా నెమ్మదిగా పైకీ కిందికీ ఆడిస్తే నాకు దూరంగా వెళ్ళమని. అడ్డంగా ఆడిస్తే నా వైపు రమ్మని. ఎర్ర జెండా చూపితే ఆగమని. ఎర్ర జెండా విప్పే వ్యవధి లేకపోతే, అరచేతులు డ్రైవరు వైపు పెట్టి రెండు చేతులూ తల పైకి ఎత్తాలి. అదీ ఆగమనే. ఎర్ర జెండాకి ఎంత విలువో దానికీ అంతే విలువ.

ఇవన్నీ ఒకరు కూర్చోబెట్టి చెప్పినవి కావు. ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. రూల్సు పుస్తకం పక్కన డిక్షనరీ పెట్టుకుని, మాట మాటా కూడబలుక్కుని చదివాను. అందుకే నా సిగ్నల్‌ని ఎవరైనా తప్పు పడితే నాకు ఒళ్ళు మండుతుంది.

మార్తాది పోర్చుగల్. నలభై దాటి ఉంటాయి. రైల్వే ఊళ్ళు చూసుకుంటూ దేశాలు తిరుగుతోంది. మా ఊళ్ళోనే తాల్‌బగీచా పేటలో మా అప్పారావు మేడ మీద గదిలో దిగింది. అప్పారావు గూడ్సు గార్డుగా రిటైరయ్యాడు. చిన్నప్పటి నుంచీ నాకు స్నేహితుడు, నోరు పెద్దది. ఆమె వచ్చీరాని హిందీతో నెట్టుకొచ్చేది. నన్ను మాత్రం బెంగాలీ వాళ్ళ పిల్లల్లా దాదూ అనేది, తాతా అని.

మోటారు సైకిల్ నేర్చుకుంటానంది. ఈ వయసులో, పరాయి దేశంలో ఎందుకమ్మా అని అడిగాను.

"చాలా దేశాలు తిరిగాను దాదూ. అన్నీ ఒకరి వెనక కూర్చునే. వాళ్ళు ఆపిన చోటే దిగాను. నేను చూడాలనుకున్నవి పక్కనుంచి వెళ్ళిపోయేవి," అంది.

ఆ మాట నాకు కొత్తగా అనిపించింది. బండి వెనక కూర్చున్న మా ఇంటి ఆడవాళ్ళు ఏం చూడాలనుకున్నారో నేనెప్పుడూ అడిగి ఎరగను.

అప్పారావు తన పాత బండి ఇచ్చాడు. రైల్వే గ్రౌండులో పొద్దున్నే పాఠం. మొదటి రోజు పాఠమంతా వాడి కేకలే.

"క్లచ్చి వదలకు దీదీ, ఆస్తే, ఆస్తే, మెల్లగ. అరే, అటు కాదు. బ్రేకు సూడు."

ఆమె బ్రేకు చూసింది, బండి పడింది.

"హెల్మెట్లో ఉన్న మనిషికి నీ అరుపులు ఏటి వినపడతాయిరా," అన్నాను. "డ్రైవరుకి ఎవడైనా కేకలేస్తాడేటి? జెండా సూపిస్తాడు."

"ఐతే తెచ్చుకో నీ జెండాలు. పెట్లో దాసుకున్నావు కదా, పెళ్ళి పంచెలాగ."

మర్నాడు తెచ్చాను. మార్తా పచ్చ జెండాని అటూ ఇటూ తిప్పి, కర్ర పట్టుకునే చోట నున్నగా అరిగిపోయింది చూసి, ఏ చేత్తో పట్టుకునేవారని అడిగింది. ప్రతి సిగ్నల్‌కీ కారణం అడిగేది. జెండా లేకపోతే ఎలాగని కూడా అడిగింది. రెండు చేతులూ ఎత్తి చూపించాను. తనూ ఎత్తి, నా అరచేతులు ఎటున్నాయో చూసి తన చేతులు సరిచేసుకుంది. ఆ రోజు నుంచి గ్రౌండులో కేకలు లేవు. నేను పచ్చ జెండా ఆడిస్తే ఆమె కదిలేది, ఎర్రది చూపిస్తే ఆగేది. మాకు ఉమ్మడిగా ఒక భాష దొరికినట్టయింది. కానీ నాలుగు బారలు వెళ్ళేసరికి ఎప్పుడూ కాలు నేలకి ఆనించేసేది. కాలు ఆనకుండా గ్రౌండు ఒక్కసారైనా దాటలేదు.

ఊరు వదలడానికి ముందు రోజు పొద్దున దాటింది. కాలు తీసి పెడల్ మీద పెట్టింది, గేరు మార్చింది, బండి సాఫీగా పోయింది. మలుపు తిరగాల్సిన చోట తిరగలేదు. ఎదురుగా కూలగొట్టిన పాత క్వార్టర్ల గోడ. నేను గోడ పక్కనే ఉన్నాను. పచ్చ జెండా చేతిలో, ఎర్రది చుట్టి చంకలో. విప్పే వ్యవధి లేదు. పచ్చది కింద పడేసి రెండు చేతులూ ఎత్తాను. ఆమె ముఖం నా వైపే ఉంది. బండి ఆగలేదు.

గోడని గుద్దుకునే ముందు చివర్లో బ్రేకు పట్టింది కనక ప్రాణాపాయం తప్పింది. ముందు చక్రం ఫోర్కు వంగింది, మణికట్టు బెణికింది. గ్రౌండు పక్క టీ కొట్టు బెంచీ మీంచి అప్పారావు పరిగెత్తుకొచ్చాడు.

"జెండా నేదు, ఏటీ నేదు. సేతులెత్తేసినాడు," అన్నాడు కూడిన జనంతో.

"నువ్వు గార్డువేనేట్రా? రెండు సేతులెత్తితే ఏటో తెలీదా నీకు?"

"తెలుసులే. ఆ తల్లికి తెలీద్దేటి? ఎర్రజెండా సూపిస్తే ఆగేది కాదూ."

మర్నాడు ఆమె చేతికి కట్టుతోనే రైలెక్కింది. స్టేషన్‌లో జనం ముందు అడగడానికి నాకు నోరు రాలేదు. ఈలోపు కాలనీలో కథ తయారైంది. జమాదారు కంగారుపడ్డాడట, జెండా పారేశాడట. కొట్లో పప్పు కొనుక్కునేవాళ్ళు కూడా నా చేతుల వంక చూసేవారు.

ఫోన్లో మెసేజి పెట్టాను. "నా సిగ్నల్ చూశావా, లేదా?" ఆమె సముద్రం ఫోటో పంపింది. మళ్ళీ పెట్టాను. ఏదో ఊరి స్టేషన్ ఫోటో పంపింది. అడిగినదానికి జవాబు ఒక్కటీ లేదు. నేను అడుగుతూనే ఉన్నాను. యార్డులో ఏ ప్రమాదం జరిగినా ఎంక్వయిరీలో మొదటి ప్రశ్న అదే. సిగ్నల్ కనపడలేదనో, ఇవ్వలేదనో చెప్పిన డ్రైవర్లనే చూశాను. చూశానని ఒప్పుకున్నవాడు ఒక్కడూ లేడు.

ఒకరోజు నా భార్య రమణమ్మ బియ్యం ఏరుతూ అంది, "ఆ అమ్మ సెయ్యి బాగైందో నేదో ఒక్కపాలైనా అడిగినావా?"

అడగలేదు. అప్పుడు అడిగాను. అదొక్కటే అడిగాను.

ఆ సాయంత్రమే జవాబు వచ్చింది. హిందీలో, ఇంగ్లీషు అక్షరాలతో. తీసుకెళ్ళి టీ కొట్టు దగ్గర అప్పారావు చేతికిచ్చాను. వాడు పెదాలు కదుపుతూ చదివాడు. నా వంక చూసి మళ్ళీ మొదటి నుంచి చదివాడు. "ఐతే సూపించినావన్నమాట," అన్నాడు.

నేను గెలిచాను. కానీ గెలిచినందుకు సంతోషించడం ఆ రోజు నాకు చేతకాలేదు. సిగ్నల్ ఇచ్చారా, చూశారా అని అడగడంతోటే మా ఎంక్వయిరీలు ముగిసేవి. చూసి కూడా ఎందుకు ఆగలేదని అడగాలని నాకూ ఎన్నడూ తోచలేదు. ఆమె రాసింది ఇది:

"చెయ్యి బాగుంది దాదూ. ఇక్కడ బండి నడుపుతున్నాను. మీరు అడిగినప్పుడల్లా సిగ్గేసి ఫోటోలు పంపాను. మీ రెండు చేతులూ చూశాను. ఆగమని అర్థం, అదీ గుర్తుంది. కానీ ఇన్నేళ్ళూ ఎవరో ఆపిన చోటే ఆగాను. ఆ ఒక్కసారి ఆగాలనిపించలేదు. తప్పు మీది కాదు, నాదే. కానీ ఆ గోడ దాకా నేనే వెళ్ళాను."