చిన్నమ్మ దిద్దిన ఒత్తులు

మొన్న ఆదివారం పొద్దున నల్లగొండ దవాఖానలో మా చిన్నమ్మ పోయింది. జడ్చర్లలో నేను డ్యూటీకి బయల్దేరుతుంటే ఫోన్ వచ్చింది. "బోర్డులు రాసే చిన్నమ్మ లేదురా ఇగ" అన్నాడు మా అన్న. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే ఏడుపు కన్నా ముందు కోపం వస్తోంది. దాన్ని దాచుకోదలచుకోలేదు.

కేతేపల్లిలో మా చిన్నాయన దుకాణాలకు బోర్డులు రాసేవాడు. నిచ్చెన మీద నుంచి పడి ఆయన నడుము విరిగాక చిన్నమ్మ కుంచె పట్టింది. ఆడమనిషి నిచ్చెనెక్కడమేమిటని ఊరు కొన్నాళ్లు నవ్వింది. హైవే మీద ఆగకుండా పోయే బస్సులోంచి కూడా చదవగలగాలని ఆమె అక్షరాలను బాగా లావుగా రాసేది. మలుపు దగ్గర సన్నం చేసి, కొసలకు చిన్న చిన్న పాదాలు పెట్టేది. "నిలవడనీకి కాళ్లుండాలె గద బిడ్డా, లేకుంటే అక్షరం జారిపోతున్నట్టు కనవడ్తది" అనేది.

అన్నిటికన్నా ఆమెకు ఒత్తుల మీద పట్టింపు. లావు అక్షరం కింద ఒత్తుకు చోటు చాలదు. చాలామంది దాన్ని నలుసులా గీసి వదిలేస్తారు. చిన్నమ్మ మాత్రం పై అక్షరమంత పెద్దగా రాసేది. బోర్డు అయిపోగానే తన అత్తను, అంటే మా అవ్వను, రోడ్డు అవతల నిలబెట్టేది. కూలి పనులు చేస్తూ ముసలితనంలో చదువు నేర్చుకున్న అవ్వ, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేది. ఓసారి హోటల్ బోర్డు దగ్గర "ఉప... ఉపా..." అని ఆగిపోయింది. చిన్నమ్మ వెంటనే కిరసనాయిలు గుడ్డతో ఆ మాట తుడిచేసింది. హోటలాయన లబలబలాడాడు.

"ఏమైందమ్మా నీకు, మంచిగనే ఉంది గద!"

"నీకు మంచిగుంది. మా అత్తకు ఉప్మా దొరకలే."

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు హైదరాబాదు నుంచి ఇద్దరు వచ్చారు. ఆమె అక్షరాలను కంప్యూటర్లో వాడుకునే ఫాంటుగా చేస్తామన్నారు. చిన్నమ్మ వారం రోజులు కదలకుండా కూర్చుని వర్ణమాల, గుణింతాలు, ఒత్తులు అన్నీ డ్రాయింగ్ షీట్ల మీద రాసిచ్చింది. వాళ్లు ఇచ్చినదేదో ఇచ్చారు, దాని మీద నాకు తగాదా లేదు.

తర్వాత ఒకరోజు ఇద్దరం బస్సులో పోతుంటే రోడ్డు పక్కన ప్లాట్లు అమ్మేవాళ్ల పెద్ద ప్రకటన కనిపించింది. చిన్నమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నావే! నా అక్షరాలే బిడ్డా!" అంది. మరుక్షణం ఆమె ముఖం మాడిపోయింది. ఒత్తులన్నిటినీ సగానికి తగ్గించి అక్షరాల కడుపు కింద ఇరికించారు.

ఆ వారమే ఫాంటు చేసినవాళ్ల ఆఫీసుకు పోయాం. మర్యాదగానే కూర్చోబెట్టి టీ ఇచ్చారు. "లైన్లు దగ్గర దగ్గరగా రావాలంటే తప్పదమ్మా. అయినా ఒత్తుల్ని ఎవరూ పట్టి పట్టి చూడరు, అలవాటు మీద చదివేస్తారు" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"అలవాటు లేనోళ్ల సంగతేంది సారు?"

ఆయన నవ్వాడు. "మా డిజైన్ అందరికీ నచ్చిందమ్మా" అన్నాడు. మా డిజైనట! ఆ మాట ఇప్పటికీ నా చెవిలో మండుతోంది. సరిచేసి ఇంకోటి తెస్తామన్నారు, తేలేదు. కొన్నాళ్లకు ఆమె ఫోను ఎత్తడమే మానేశారు. పల్లెటూరి గోడల అందం అని సభల్లో మాట్లాడతారు వీళ్లు. ఆ గోడలు చదవాల్సిన మా అవ్వలాంటివాళ్లు మాత్రం వీళ్ల లెక్కలోకి రారు.

చిన్నమ్మ ఊరుకోలేదు. ఊళ్లో ఆ అక్షరాలతో ఫ్లెక్సీ కనిపిస్తే చాలు, నల్లరంగు డబ్బా పట్టుకుపోయి ఒత్తులు పెద్దగా దిద్దేది. ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీనీ వదల్లేదు. ఆయన మనుషులు మీదికొచ్చారు.

"మా అన్న ఫ్లెక్సీ ఖరాబు జేస్తవా?"

"మీ అన్న ముఖం ముట్టలే. గా ఒత్తు కనవడకుంటే జనం పేరు మార్చి పిలుస్తరు. గది మంచిదా?"

వాళ్లు ఫిర్యాదు చేశారు. అరవై దాటిన మనిషిని ఠాణాలో సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. తన అక్షరాన్ని తాను దిద్దుకున్నందుకు! తీసుకురావడానికి పోయిన నేను కూడా తక్కువ తినలేదు. "ఊకో చిన్నమ్మా, మనకెందుకు?" అన్నాను. ఇల్లు చేరేదాకా ఆమె నాకన్నా నాలుగడుగులు ముందే నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, "నీకు చదువు చిన్నప్పుడే వచ్చె. గందుకే గట్లంటవు" అని లోపలికి పోయింది. క్షమించమని అడగడం రేపూ ఎల్లుండీ అని వాయిదా వేస్తూనే ఉండిపోయాను.

మట్టి చేసి వచ్చాక మహిళా సంఘం భవనానికి పోయాను. ఛాతీలో నొప్పి వచ్చి ఆమె కూలబడింది అక్కడే. వచ్చినవాళ్లకు కనబడేలా లోపలి గోడ మీద రెండు మాటలు రాయమన్నారట. మొదటి మాట "రండి" పూర్తయింది, రంగు ఇంకా నిగనిగలాడుతోంది. రెండో మాట "కూర్చోండి" ఇంకా సుద్దగీతలే. గది ఊడుస్తున్న సంఘం మనిషి గోడకు బారెడు దూరంలోనే చీపురు ఆపేసింది, సుద్ద రాలుతుందని. ఆ గీతల మధ్య, పై అక్షరమంత పెద్దగా, లోపల ఇంకా రంగు పడకుండా, చ ఒత్తు ఉంది.